రేకు డబ్బా, చెక్క బద్ద, ఒక్క తీగ: ఇంట్లోనే వాయిద్యం చేసుకుందాం

తీగ వాయిద్యం చేయడమంటే చేయి తిరిగిన పనివాళ్ళకే సాధ్యమని చాలామంది మొదలుపెట్టకుండానే వదిలేస్తారు. నిజానికి తీగ పలకడానికి కావలసినవి మూడే. తీగని బిగించి పట్టుకునే గట్టి కర్ర ఒకటి, తీగతోపాటు తనూ కదిలే పల్చటి పలక ఒకటి, ఆ తీగకీ పలకకీ మధ్య నిలబడే చిన్న బ్రిడ్జి ఒకటి. ఈ మూడింటికీ ఇంట్లో మూలన పడున్న సామాను సరిపోతుంది. అమెరికా దక్షిణాది పల్లెల్లో చీపురుకి చుట్టిన తీగ విప్పి, ఇంటి గోడకి రెండు మేకులు కొట్టి వాటి మధ్య లాగి కట్టి, కింద సీసా దూర్చి వాయించేవాళ్ళు. దాన్ని డిడ్లీ బో అంటారు, బ్లూస్ సంగీతం వాయించే గిటారిస్టులు చాలామందికి అదే తొలి వాయిద్యం. పరాగ్వేలో కతేఉరా అనే చెత్త దిబ్బ పక్కన ఉండే పిల్లలు నూనె డబ్బాల రేకుతో చేసిన వయొలిన్లతో ఆర్కెస్ట్రాలోనే వాయిస్తున్నారు.

మనం చేయబోయేది ఒంటి తీగ వాయిద్యం, మెట్లు లేనిది. చిత్రవీణ వాయించినట్టు, ఎడమ చేతిలో నున్నటి గాజు సీసానో ఇనప గొట్టం ముక్కో పట్టుకుని తీగ మీద జరుపుతూ వాయించాలి. మెట్లు వద్దనడానికి కారణం ఉంది. మెట్టు కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా అపస్వరం వినిపిస్తుంది, అన్ని మెట్లూ ఒకే ఎత్తులో లేకపోతే తీగ జరజరలాడుతుంది, మొదటిసారి చేసేవాళ్ళు ఆపేసేది సరిగ్గా అక్కడే. మెట్లు లేకపోతే చెక్క మీద పెన్సిల్ గీతలు చాలు, గీత తప్పయితే చెరిపి మళ్ళీ గీసుకోవచ్చు.

కావలసిన సామాను: 20 నుంచి 25 సెంటీమీటర్ల పొడవున్న రేకు డబ్బా, 90 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న చెక్క బద్ద, స్టీలు గిటార్ తీగ ఒకటి (మొదటిది, అన్నిటికన్నా సన్నది), తలకి గుండ్రటి కన్ను ఉన్న స్క్రూ ఒకటి, మామూలు స్క్రూలు, వాషర్లు, 6 మిల్లీమీటర్ల బోల్టు, బొటనవేలంత గట్టి చెక్క ముక్క. పనిముట్లలో రంపం, డ్రిల్లు లేదా సుత్తీ మేకూ, రేకు కోసే గట్టి కత్తెర, కటింగ్ ప్లయర్, స్క్రూడ్రైవర్, ఆకురాయి, శాండ్‌పేపర్, స్కేలు ఉంటే సరిపోతుంది.

తీగ విషయంలో మాత్రం సర్దుకోవద్దు. ఇనప కడ్డీలు కట్టే మెత్తటి తీగ, కరెంటు వైరులోని రాగి తీగ ఇంట్లో దొరుకుతాయి కదా అని వాడబోతారేమో, అవి బిగించేకొద్దీ సాగుతూనే ఉంటాయి, శృతి నిలబడదు. సైకిలు బ్రేకు వైరు విప్పితే వచ్చే పోగులు మెలికలు తిరిగి ఉంటాయి, వాటినీ సాపు చేయలేం. గిటార్ తీగ గట్టి ఉక్కుతో చేసింది, దాని చివర చిన్న ఇత్తడి పూస కూడా ఉంటుంది కాబట్టి ముడి వేసే పని తప్పుతుంది. చిన్నపిల్లల కోసం చేస్తుంటే 0.8 మిల్లీమీటర్ల నైలాను చేపల గాలం దారం వాడండి. తెగినా ప్రమాదం తక్కువ. కాకపోతే సీసా జరిపితే దాని నాదం అంత నిలవదు, వేలితో నొక్కి వాయించడమే దానికి నప్పుతుంది.

డబ్బా ఎంచుకునేటప్పుడు కళ్ళకన్నా చెవిని నమ్మండి. డబ్బాని వేళ్ళ కొసల మీద నిలబెట్టి, రెండో చేతి వేలి కణుపుతో అడుగు భాగం మధ్యలో కొట్టి చూడండి. మోత ఒక క్షణం నిలబడి తగ్గితే అది పనికొస్తుంది. టక్కుమని అక్కడే చచ్చిపోతే ఆ రేకు మందం ఎక్కువన్నమాట, లేదా అక్షరాలూ బొమ్మలూ ఉబ్బెత్తుగా అచ్చొత్తడంవల్ల బిర్రబిగిసి ఉందన్నమాట. ప్లాస్టిక్ డబ్బాల జోలికి పోకండి, అవి నాదాన్ని మింగేస్తాయి. పల్చటి ప్లైవుడ్ పెట్టె ఉంటే రేకుకన్నా మెత్తగా, నిండుగా పలుకుతుంది, దానికీ పద్ధతి ఇదే.

ఇప్పుడు డబ్బాని బోర్లించండి. వాయిద్యానికి మూత వెనక్కి రావాలి, అడుగు ముందుకి రావాలి, మన పలక ఆ అడుగే. అందరూ మూత వైపే తీగ కడతారు, కానీ మూత డబ్బా అంచుకి వదులుగా తగిలి ఉంటుంది, తీగ మీటినప్పుడల్లా జుయ్యిమంటుంది. అడుగు భాగాన్ని చుట్టూ మడిచి బిగించేసి ఉంటారు కాబట్టి ఆ గోల ఉండదు. పైగా మూత వెనక ఉంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి, లోపల స్క్రూలు బిగించుకోవచ్చు.

బద్ద విషయానికొస్తే, చెక్క గీతలు ఈ చివరినుంచి ఆ చివరిదాకా తిన్నగా పోవాలి, ముడులు ఉండకూడదు. పాత కిటికీ చట్రం, అలమర చట్రం, మంచం పట్టీ లాంటివి బాగా ఎండి ఉంటాయి కాబట్టి కొత్త చెక్కకన్నా మేలు. ఒక కన్ను మూసి బద్ద పొడుగునా చూడండి, వంకర ఉంటే అక్కడే తెలిసిపోతుంది. ఈ తీగ మొత్తం లాగేది 2 నుంచి 4 కిలోల బరువు, ఒక తీగకి 2 సెంటీమీటర్ల మందం ధారాళంగా సరిపోతుంది.

కొలతలు బద్ద మీదే గీసుకోండి. పై చివర నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర ఒక గీత, అక్కడ పై ఆనిక (పై చివర తీగ ఆనే ముక్క) వస్తుంది. 70 సెంటీమీటర్ల దగ్గర ఇంకో గీత, బ్రిడ్జి దానికి తిన్నగా రావాలి. ఈ రెండింటి మధ్య 60 సెంటీమీటర్లే పలికే తీగ. డబ్బా పొడవు 24 అనుకుంటే అది 55 దగ్గర మొదలై 79 దగ్గర ముగుస్తుంది, అంటే బ్రిడ్జి డబ్బా మధ్యలో కాకుండా కింది అంచు వైపు కొంచెం జరిగి ఉంటుంది. సరిగ్గా నడిమధ్య పెడితే రేకు మరీ లోతుగా ఊగి, మోత ఎక్కువై, స్వరం స్పష్టంగా రాదు. అంచుకి దగ్గరైతే గొంతు నొక్కినట్టుంటుంది. ఇది మీ డబ్బాకి ఎక్కడ బాగుందో తీగ బిగించాక బ్రిడ్జిని అటూ ఇటూ జరిపి వినొచ్చు, కాబట్టి ఇప్పుడే తల బద్దలు కొట్టుకోవద్దు.

బద్ద డబ్బాలోంచి ఈ వైపునుంచి ఆ వైపుకి దూరి బయటికి రావాలి. డబ్బా రెండు చివరి గోడల మీదా బద్ద కొసని ఆనించి చుట్టూ గీత గీయండి, పై అంచు మాత్రం పలకకి 4, 5 మిల్లీమీటర్లు దిగువన ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యమైన కొలత ఇదే. బద్ద లోపల పలకకి తగిలిందా, పలక కదలదు, వాయిద్యం మూగది అయిపోతుంది. గీసిన దీర్ఘచతురస్రాన్ని కోసి తీసేయకండి. ఒక మూల నుంచి ఎదురు మూలకి రెండు అడ్డగీతలు గీసి, నడుమ మేకుతో చిల్లు పెట్టి, ఆ గీతల వెంట మూలల దాకా మాత్రమే కత్తిరించండి. నాలుగు త్రికోణాలు వస్తాయి. వాటిని కటింగ్ ప్లయర్‌తో లోపలికి మడవండి. పదునైన అంచులన్నీ లోపలికి పోతాయి, బద్ద దూర్చాక అవే త్రికోణాల్లోంచి చిన్న స్క్రూలు వేస్తే డబ్బా కదలకుండా కూర్చుంటుంది. రేకు కోసేటప్పుడు చేతికి మందపాటి గ్లవుజులు వేసుకోండి, అప్పుడే కోసిన రేకు బ్లేడు లాగే దిగుతుంది. పైన మిగిలిన 4 మిల్లీమీటర్ల రేకు పట్టీని నొక్కి వంచేయకుండా చూడండి, డబ్బా ముఖం బిగువు అంతా దాని మీదే ఉంది.

బద్దని దూర్చే ముందే శాండ్‌పేపర్‌తో రుద్ది, అంచులు మొద్దుబార్చుకోండి. తర్వాత పై చివరికి 4 సెంటీమీటర్ల లోపల కన్ను స్క్రూ వస్తుంది. స్క్రూ మందం కన్నా ఒక మిల్లీమీటరు సన్నటి చిల్లు ముందుగా పెట్టాలి, లేకపోతే బద్ద చీలిపోతుంది. ఇదే మన బిరడా. దాన్ని తిప్పితే తీగ చుట్టుకుంటుంది, చెక్కలో మరలు పట్టి ఉండడంవల్ల వెనక్కి తిరగదు. చాలా రోజులు వాడాక చిల్లు వదులైతే అగ్గిపుల్ల చీలిక ఒకటి దూర్చి మళ్ళీ బిగించుకోవచ్చు. కింది చివర, డబ్బా దాటి బయటికి వచ్చిన ముక్క మీద ఒక స్క్రూకి వాషరు వేసి, తీగ పట్టేంత సందు ఉంచి బిగించండి, తీగ చివరి ఇత్తడి పూస దీనికి తగులుకుంటుంది.

పై ఆనికకి 6 మిల్లీమీటర్ల బోల్టుని అడ్డంగా పడుకోబెడితే చాలు. 10 సెంటీమీటర్ల గీత మీద ఆకురాయితో పల్చటి గాడి చేస్తే బోల్టు దొర్లదు, బోల్టు మరల్లో తీగ దానంతటదే కూర్చుంటుంది.

బ్రిడ్జి దగ్గర మాత్రం తొందరపడొద్దు. తీగ ఒంటరిగా కదిపే గాలి చాలా తక్కువ. గోడకి కట్టిన ఒట్టి తీగని మీటితే పక్కనున్న మనిషికి కూడా సరిగ్గా వినపడదు. దాని కదలికని పలకకి చేరవేసేది బ్రిడ్జి ఒక్కటే, అది మెత్తగా ఉన్నా, సరిగ్గా ఆనకపోయినా అక్కడే శబ్దం పోతుంది. గట్టి చెక్క ముక్కని 5 సెంటీమీటర్ల పొడవు, 8 మిల్లీమీటర్ల ఎత్తు, అడుగున ఓ సెంటీమీటరు మందం, పైకి పోనుపోను సన్నం అయ్యేట్టు చెక్కుకోండి. అడుగు భాగం డబ్బా ముఖానికి పూర్తిగా అతుక్కున్నట్టు కూర్చోవాలి. దానికి మంచి ఉపాయం ఏమిటంటే, శాండ్‌పేపర్‌ని డబ్బా ముఖం మీదే పరిచి, దాని మీద బ్రిడ్జిని ముందుకీ వెనక్కీ రుద్దడం. ముఖం ఎలా వంగి ఉంటే బ్రిడ్జి అడుగు అలాగే తయారవుతుంది. తర్వాత వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి, కింది నుంచి ఎక్కడా వెలుగు రాకూడదు. పై అంచు మధ్యలో సన్నటి గాడి చేయండి, తీగ మందంలో సగం మునిగితే చాలు, లోతైతే తీగ అందులో ఇరుక్కుని గరగరలాడుతుంది. బ్రిడ్జిని జిగురుతో అంటించొద్దు. తీగ బిగువే దాన్ని నిలబెడుతుంది, జరుపుకునే వీలు కూడా ఉంటుంది.

ఇక తీగ. పూసని కింది స్క్రూకి తగిలించి, డబ్బా అంచు మీదుగా, బ్రిడ్జి మీదుగా, బోల్టు మీదుగా పైకి తీసుకెళ్ళి కన్ను స్క్రూలో దూర్చండి. డబ్బా కింది అంచుకి తీగ రాసుకునే చోట పాత తోలు ముక్కో రబ్బరు ట్యూబు ముక్కో పెట్టాలి, లేకపోతే రేకు తీగని కొరికేస్తుంది. చేత్తో ఎంత వీలైతే అంత లాగి, కొస మెలిపెట్టి, అప్పుడు స్క్రూ తిప్పండి. ఉక్కు తీగ సాగేది కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి ముందే వదులు తీసేస్తే రెండు మూడు చుట్లలో శృతికి వచ్చేస్తుంది. చుట్లు కిందికి, చెక్క వైపుకి పడాలి, తీగ బోల్టు దాటాక కిందికి దిగితేనే బోల్టు మీద గట్టిగా ఆనుతుంది. బిగించేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకోండి, కళ్ళజోడు ఉంటే పెట్టుకోండి. మిగిలిన కొస కత్తిరించి, లోపలికి వంచేయండి.

శృతికి ఫోనులో ట్యూనర్ యాప్ ఉంటే చాలు. ఈ పొడవుకి, ఈ తీగకి అయిదు శృతి (జి, 196 హెర్ట్జ్) నుంచి పైన ఒకటి శృతి (సి, 262 హెర్ట్జ్) దాకా బాగుంటుంది. అంతకన్నా వదులైతే సీసా తగిలినప్పుడు తీగ చెక్కకి కొట్టుకుంటుంది. కొత్త తీగ మొదటి రోజు దిగుతూ ఉంటుంది, మధ్యమధ్య మళ్ళీ సరిచేయాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని స్వరస్థానాలు గుర్తించడం, ఎందుకంటే దీనికి లెక్కలు అక్కర్లేదు, కాగితం మడతలు చాలు. బోల్టు నుంచి బ్రిడ్జి దాకా సరిగ్గా అంతే పొడవున్న కాగితం పట్టీ కత్తిరించండి. సగానికి మడిస్తే ఆ మడత తారా స్థాయి షడ్జమం. మూడు సమాన భాగాలు చేస్తే బోల్టు వైపు నుంచి మొదటి మడత పంచమం. నాలుగు చేస్తే మొదటి మడత శుద్ధ మధ్యమం. అయిదు చేస్తే మొదటి మడత అంతర గాంధారం, రెండో మడత చతుశ్రుతి ధైవతం. మూడు భాగాల్లో మొదటిదాన్ని మళ్ళీ మూడుగా మడిస్తే వచ్చే మొదటి గీత చతుశ్రుతి రిషభం. మన 60 సెంటీమీటర్ల తీగకి బోల్టు నుంచి మిల్లీమీటర్లలో చెప్పాలంటే రి 66.7, గ 120, మ 150, ప 200, ద 240, పై స 300. కాకలి నిషాదం ఒక్కటే మడతకి లొంగదు, అది 280 దగ్గర కొలిచి గీసుకోండి. మొదట స రి గ ప ద, ఈ అయిదూ చాలు, మోహన రాగం చేతిలో ఉన్నట్టే.

గీతలు గీశాక చెవితో సరిచూడండి. సగం గీత దగ్గర తీగని వేలి కొసతో ఊరికే తాకి, మీటిన వెంటనే వేలు తీసేస్తే గంట లాంటి స్వరం వస్తుంది. అదే చోట సీసా పెట్టి మీటితే కూడా అదే స్వరం రావాలి. సీసా పెట్టినప్పుడు స్వరం హెచ్చుగా పలికితే బ్రిడ్జిని ఒక మిల్లీమీటరు వెనక్కి (కింది స్క్రూ వైపు), తగ్గి పలికితే ముందుకి (బోల్టు వైపు) జరపండి. కీబోర్డుతో కలిసి వాయించాలనుకుంటే మాత్రం ఈ మడతలు కొన్ని చోట్ల కలవవు. కీబోర్డులో స్వరాల మధ్య దూరాలన్నీ సమానంగా పంచి ఉంటాయి, ఆ లెక్కలో గాంధారం 120 దగ్గర కాదు, 123.8 దగ్గర వస్తుంది. ఆ తేడా చెవికి బాగానే తెలుస్తుంది. అప్పుడు పలికే తీగ పొడవుని 17.817తో భాగించి, వచ్చినంత దూరంలో మొదటి గీత పెట్టి, మిగిలిన పొడవుని మళ్ళీ 17.817తో భాగిస్తూ పోతే 12వ గీత సరిగ్గా సగంలో పడుతుంది.

వాయించేటప్పుడు సీసాని తీగ మీద ఊరికే ఆనించండి, నొక్కొద్దు. సీసా సరిగ్గా గీత మీదే, తీగకి తిన్నగా అడ్డంగా ఉండాలి. సీసా వెనక, అంటే బోల్టు వైపు, ఒకటి రెండు వేళ్ళు తీగకి తాకుతూ ఉంచండి. అలా ఉంచకపోతే సీసాకి అవతల ఉన్న తీగ కూడా పలుకుతుంది, రెండు స్వరాలు కలగాపులగం అవుతాయి. ఈ ఒక్క అలవాటుతో వాయిద్యం గొంతే మారిపోతుంది.

జరజరమని శబ్దం వస్తుంటే కారణం దాదాపు ఎప్పుడూ తీగ కాదు. ఎవరినైనా తీగ మీటుతూ ఉండమని, మీరు ఒక్కో భాగాన్నీ వేలితో నొక్కి చూడండి, ఏది నొక్కితే శబ్దం ఆగిందో దోషం దానిదే. వెనక మూత అయితే దాని అంచు చుట్టూ టేపు వేయండి. మడిచిన రేకు త్రికోణం బద్దని వదులుగా తాకుతుంటే ఇంకో స్క్రూ వేయండి. బ్రిడ్జికీ కింది స్క్రూకీ మధ్య ఉన్న తీగ మోగుతుంటే అక్కడ గుడ్డ పీలిక చుట్టండి. బ్రిడ్జి కింద రేకు లోపలికి కుంగుతుంటే, మూత తీసి, పలక వెనక సరిగ్గా ఆ చోట పల్చటి చెక్క పుల్ల ఒకటి అంటించండి, పెద్దది వద్దు, బరువు పెరిగేకొద్దీ గొంతు తగ్గుతుంది. శబ్దం మూసుకున్నట్టుంటే వెనక మూతకి సెంటీమీటరు వెడల్పు చిల్లులు మూడు నాలుగు పెట్టి చూడండి. ముందు వైపు చిల్లులు పెట్టకండి, ఉన్న కొద్ది పలకనీ పాడు చేసుకున్నట్టవుతుంది.

ఒక తీగ చేతికి లొంగాక అదే బద్ద మీద మూడు తీగలు వేసుకోవచ్చు. గిటార్ సెట్టులో అయిదు, నాలుగు, మూడో తీగలు తీసుకుని కింది జి, డి, పై జి కి శృతి చేస్తే స ప స అవుతుంది, సీసాని మూడింటి మీదా అడ్డంగా జరిపితే మొత్తం శృతి కదులుతుంది, లేదా ఒక్క తీగ మీద పాట వాయిస్తూ మిగతా రెండూ తంబుర లాగా మోగించుకోవచ్చు. అప్పుడు లాగుడు మూడింతలకి పైగా పెరుగుతుంది, కాబట్టి బద్ద 2 సెంటీమీటర్లకి తగ్గకూడదు, కన్ను స్క్రూలు ఒకే వరసలో కాకుండా మెట్లు మెట్లుగా వేయాలి, లేకపోతే ఒక తీగ ఇంకో స్క్రూకి తగులుతుంది. బ్రిడ్జి మీద తీగల మధ్య ఓ సెంటీమీటరు సందు ఇవ్వండి.